నర్సమ్మ సైకిల్‌కు మీటర్

పెండ్లయిన కొత్తల మా ఆమె నన్ను చీర అడగలే, గొలుసు అడగలే. ఒకనాడు పొద్దుగూకి ఇంటికొచ్చి సైకిల్ దిగుకుంటనే, "సైకిల్‌కు కంప్యూటర్ ఉంటదంట. నాకొకటి కావాలె," అన్నది.

నేను అప్పుడు చండ్రుగొండల ఒక ప్రైవేటు స్కూల్ల తెలుగు చెప్పేటోన్ని. ఆమె గవర్నమెంటు నర్సు. అడివి దిక్కున్న సబ్‌సెంటర్‌ల డ్యూటీ. పొద్దుగాల సైకిలెక్కి సబ్‌సెంటర్‌కు పోవుడు, అక్కడ సూదిమందుల డబ్బా క్యారేజీకి కట్టుకొని గూడాలు తిరుగుడు, దీపాలు పెట్టే యాళ్లకు ఇంటికి వచ్చుడు. గూడాలల్ల అందరు ఆమెను నర్సమ్మ అనేటోళ్లు. నేను ఆమె ఎంబడి పోతే నర్సమ్మ పెనిమిటి. నాకు కంప్యూటర్ అంటే మా స్కూల్ ఆఫీసుల ఉన్నది ఒక్కటే తెలుసు. దానికి పూల గుడ్డ కప్పి ఉంచేటోళ్లు. చెప్పులు బైట ఇడిచి లోపలికి పోవాలె. అంత పెట్టెను సైకిల్ మీద ఏడ పెడ్తరో నాకు సమజ్ కాలే.

"సైకిల్‌కు కంప్యూటర్ ఏందే?" అన్న.

అప్పుడు చెప్పింది. ఆ పొద్దు సబ్‌సెంటర్ ముందర ఇద్దరు ఆగిండ్రంట, ఒక మొగాయన, ఒక ఆడామె. హైదరాబాద్ నించి భద్రాచలం దాక సైకిళ్ల మీదనే పోతున్నరంట. సీసాలల్ల నీళ్లు నింపుకున్నరు. ఆ ఆడామె సైకిల్ హ్యాండిల్ మీద అగ్గిపెట్టె అంత డబ్బా ఉన్నదంట, దాంట్ల నంబర్లు. ఏందక్కా ఇది అని అడిగితే బైక్ కంప్యూటర్ అన్నదంట. వేలుతోని ఒత్తితే నంబర్లు మారినయంట. ఇంత చెప్పి మా ఆమె బకెట్ల నీళ్లు తోడుకొని మొఖం కడుక్కున్నది.

"సరే గని, నీకెందుకది?"

"ఊకెనే," అన్నది తుడుసుకుంట.

ఆమె ఊకెనే ఏదీ అడిగే మనిషి కాదు. పప్పు ఉడికిందా అని గూడ రెండుసార్లు అడగదు. అందుకే ఆ ఊకెనే నన్ను శానా రోజులు సతాయించింది.

ముందుగాల ఊర్ల సైకిల్ షాపుల అడిగిన. ఆయన పంచరేసే ట్యూబును నీళ్లల్ల ముంచి బుడగలు చూసుకుంటున్నడు. "మీటరా? స్కూటర్‌కు ఉంటది సారూ. సైకిల్‌కు మీటర్ పెట్టి ఏం చేస్తవ్, పెట్రోల్ చూసుకుంటవా?" అని నవ్విండు. నేను గూడ నవ్విన.

తర్వాత ఖమ్మంల పనిబడి పోయిన. అక్కడ బండ్ల సామాన్లు అమ్మే దుకాణం కనవడితే లోపలికి పోయి, "బైక్ కంప్యూటర్ ఉన్నదా?" అన్న.

"ఏ బండి సార్?"

"లేడీస్ సైకిల్."

ఆయన నన్ను కిందికీ మీదికీ చూసిండు. "బైక్ అంటివి గద?"

"బైక్ కంప్యూటర్ అంటరంట. సైకిల్‌కే పెడ్తరంట."

"అయితే కంప్యూటర్ల షాపుల అడుగు సార్," అని రోడ్డు అవతలికి చెయ్యి చూపెట్టిండు. నేను రోడ్డు దాటి అడిగిన. అక్కడి కౌంటర్‌ల కూసున్నామె, "బైక్‌కు రాదండీ, కారుకైతే సీడీ ప్లేయర్ వేయిస్తరు," అన్నది. బైక్ అంటే బండి అనుకునేటోడు ఒకడు, కంప్యూటర్ అంటే పెట్టె అనుకునేటామె ఒకామె. రెండు మాటలు కలిస్తే ఏమైతదో వాళ్లకూ తెల్వది, నాకూ తెల్వది.

చివరికి ఒక నెట్ సెంటర్‌ల కూసున్న. ఆ రోజులల్ల బొమ్మ ఒకటి రావాలంటే మీది నించి కిందికి గీత గీతగా దిగేది. సగం డబ్బా కనవడ్డదాక అది సైకిల్‌దో చేతి గడియారమో తెల్వలే. అంత ఇంగ్లీషే. ఎట్ల ఎంచుకోవాలె అని ఒకాయన పేజీలకు పేజీలు రాసిండు. వైరుదా, వైరు లేందా. దూరం, సగటు, గడియారం, గుండె కొట్టుకునే లెక్క. గుండె లెక్క సైకిల్‌కెందుకు? ఛాతికి పట్టీ కట్టుకోవాలంట. ఇదేదో దవాఖానా సామాను కావచ్చని దాన్ని దాటేసిన. ఒక కాడ కేడెన్స్ అని ఉన్నది. ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే స్వరం ఎత్తుపల్లాలు, పద్యం నడక అని ఉన్నది. నేను యతి, గణాలు చెప్పేటోన్నే గని సైకిల్‌కు పద్యం నడక ఏందో ఎంత ఆలోచించినా తెగలే. పెడల్ ఎన్నిసార్లు తిరుగుతదనే లెక్క అది అని శానా ఏండ్లకు తెలిసింది.

ఆ పేజీల ఆఖరికి ఆయన ఒక్క మాట మాత్రం సాఫ్‌గా రాసిండు. ముందు మీకేం తెలుసుకోవాలని ఉందో తేల్చుకోండి, అది తేలితే ఏది కొనాలో దానంతటదే తేలుతది అని.

ఆ రాత్రి అన్నం కాడ అడిగిన. "నీకు ఏం తెలుసుకోవాలని ఉన్నది?"

"దేని గురించి?"

"అదే, సైకిల్ కంప్యూటర్. దాంట్ల శానా రకాలున్నయి. ఒక్కొక్కటి ఒక్కొక్క లెక్క చూపెడ్తది. నీకు ఏ లెక్క కావాలె?"

"ఆమె సైకిల్‌కు ఉన్నది నాకు కావాలె."

"ఆమె సైకిల్‌కు ఏమున్నది?"

"నంబర్లు."

ఇగ అంతకుమించి పోలే. నేనే ఆలోచించి ఒక కారణం తయారుజేసుకున్న. గూడాలకు నిజంగ పోయినవా, తోవల్నించే మళ్లినవా అని పైవాళ్లు అప్పుడప్పుడు అడుగుతరని ఆమె చెప్పేది. కిలోమీటర్లు చూపెట్టే డబ్బా ఉంటే నోరెత్తరు గద. దూరం కోసమే అడుగుతుండొచ్చు, బైటికి చెప్పనీకి మనసొప్పుతలేదు అనుకున్న. గట్ల అనుకున్నంక నా మనసు కొంచెం కుదురుకున్నది.

ఎండకాలంల మా దగ్గరోళ్ల పెండ్లికి సికింద్రాబాద్ పోయిన. చర్చిల పెండ్లి అయిపోంగనే బస్సెక్కి కోఠి దగ్గర సైకిళ్లమ్మే బజారుకు పోయిన. ఒక ముసలాయన, తలకు టోపీ, ముక్కు కొసకు అద్దాలు. ఈసారి పేరు చెప్పకుండ హ్యాండిల్ మీద పెట్టే నంబర్ల డబ్బా అన్న. ఆయన ఏమీ అడగకుండ కౌంటర్ కిందికెల్లి మూడు డబ్బాలు తీసిండు. నాకు పానం లేచొచ్చినట్టయింది. అటెంక మల్ల గందరగోళం మొదలయింది.

"ఇది వైరుది. సస్తా, తక్కువ పైసలది. దూరం చూపిస్తది, ఇప్పుడెంత స్పీడ్ పోతున్నవో చూపిస్తది, గంతే. ఇది గూడ వైరుదే గని దీనికి యాద్ ఉంటది. అన్నిట్లకంటె ఎక్కువ స్పీడ్ ఎప్పుడు పోయినవో పట్టుకొని ఉంచుతది. ఇది వైరు లేంది. ఎవరికి భయ్యా, కొడుక్కా?"

"మా ఇంట్ల ఆమెకు."

ఆయన అద్దాల మీదికెల్లి చూసిండు. "ఆమెకు ఏం కావాలె?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపు గూడ వచ్చింది. అదే తెల్వక గద నేను తిరుగుతున్న. బైట ఎస్టీడీ బూత్‌కు పోయి మా ఇంటి పక్క కిరాణం కొట్టుకు ఫోన్ చేసిన. కొట్టామె ఎత్తి, "నర్సమ్మ పొద్దున్నే గూడెం పోయింది సారూ, ఏమన్న చెప్పాల్నా?" అన్నది. ఏం చెప్పాలె? దూరమా, యాదా అడుగమని చెప్తే ఆమె ఏమనుకుంటది? ఏం లేదమ్మా అని పెట్టేసిన.

మల్ల దుకాణంలకు వచ్చి మూడింటిని చేతులల్ల పట్టుకొని శానాసేపు నిలబడ్డ. లేడీస్ సైకిల్ మీద సూదిమందుల డబ్బా కట్టుకొని పోయే మనిషికి ఎక్కువ స్పీడ్ యాద్ ఉంచుకునుడు ఎందుకు? సస్తాది చాలు అనుకున్న. ముసలాయన కాయితం చుట్టి ఇచ్చిండు.

దాన్ని బిగించుడు ఇంకో కథ. సన్నటి తాడసొంటి వైరు, దాని కొసకు గోరంత సెన్సర్, చక్రం పుల్లకు కట్టే అయస్కాంతం. చక్రం ఒక సుట్టు తిరిగితే అయస్కాంతం సెన్సర్ ముందర్నించి పోతది, డబ్బా దాన్ని లెక్కవెడ్తది. ముందు చక్రానికి పెట్టాలని బొమ్మల ఉన్నది. మా ఆమె సైకిల్‌కు ముందు చక్రం కాడ డైనమో ఉన్నది, బ్రేకు కడ్డీలున్నయి, ఇంకో దానికి జాగ లేదు. వెనక చక్రానికి పెడ్దామంటే వైరు అందలే. రేడియోలు బాగుజేసే ఆయన దగ్గరికి పోయి వైరును అతికించి పొడుగు చేపిచ్చుకొచ్చిన. చక్రం కొలత చెప్పకపోతే డబ్బాకు దూరం తెల్వదు. నేను ఆ సన్నటి అక్షరాల కాయితం పట్టుకొని కూసుంటే, మా ఆమె టైరు మీద సుద్దముక్కతోని గీత గీసి, వాకిట్ల సైకిల్‌ను ఒక్క సుట్టు నడిపిచ్చి, గీత మల్ల నేలకు తాకిన కాడిదాక టేపు పట్టింది. ఆ నంబర్ కొట్టినంక డబ్బా బతికింది. ఆమె పెడల్ చేత్తోని తిప్పి, నంబర్లు ఎక్కుతుంటే చిన్నపిల్ల లెక్క చూసింది. ఇష్టమయింది అనుకున్న.

రెండు మూడు వారాలు గడిచినయి. సాయంత్రం ఆమె రాంగనే డబ్బా మీద నంబర్ చూసుడు నాకు అలవాటయింది. గా నంబరే నన్ను మల్ల సుడిల పడేసింది. ఆమెకు వారంల ఒకనాడు గుట్ట మీది గూడెం డ్యూటీ. పోయే తొవ్వ ఒక్కటే, వచ్చే తొవ్వ అదే. గని ఒక వారం దూరం ఒక తీరు వచ్చింది. ఇంకో వారం దానికంటె శానా ఎక్కువ. ఆ తర్వాతి వారం ఇంకా ఎక్కువ, భద్రాచలం తొవ్వల సగందాక పోయొచ్చినంత.

"ఇయ్యాల గుట్ట గూడెమేనా పోయింది?"

"అవ్."

"ఇంకేడికన్న పోయినవా?"

"ఏడికి పోత? గుట్ట గూడెం పోయిన, వచ్చిన."

ఆమె మొఖంల దాపరికం ఏమీ లేదు. డబ్బా మొఖంల గూడ లేదు. ఇద్దరిల ఒకరు తప్పు చెప్తున్నరు. నేను డబ్బానే అనుమానించిన. అయస్కాంతాన్ని సెన్సర్‌కు దగ్గరికి జరిపిన. గుండీ అంత బ్యాటరీ బిల్ల మార్చిన. ఆదివారం చర్చి నించి వచ్చినంక ఆమె సైకిల్ తీసుకొని నేనే గుట్ట కింది దాక పోయి వచ్చిన. పోయేటప్పుడు ఎంత చూపెట్టిందో వచ్చేటప్పుడు గూడ అంతే చూపెట్టింది. డబ్బా సక్కగనే ఉన్నది. అది ఇంకా కష్టమయింది. డబ్బా తప్పు కాకపోతే ఆ ఎక్కువ దూరం ఏడికెల్లి వచ్చింది? ఆమెను సూటిగ అడుగుదామంటే ఏమని అడగాలె? నీ సైకిల్ నువ్వు పోని కాడికి పోతున్నదా అనా?

గట్లనే వానకాలం పోయి దసరా సెలవులు వచ్చినయి. గుట్ట గూడెం డ్యూటీ ఉన్ననాడు, "నేను గూడ వస్త, ఇంట్ల తోస్తలేదు," అన్న. ఆమె సంబరపడ్డది. నేనొక సైకిల్ కిరాయికి తీసుకున్న. ఇద్దరం పొద్దుగాల్నే బయల్దేరినం. సబ్‌సెంటర్ దాటినంక మట్టి రోడ్డు, రెండు దిక్కుల టేకు చెట్లు. ఆఖరికి గుట్ట ఎక్కుడు. నేను దిగి నడిచిన. ఆమె గూడ కొంత దూరం తొక్కి, తర్వాత దిగి నెట్టింది.

గూడెంల ఆమె సైకిల్‌కు స్టాండ్ వేసి ఇప్పచెట్టు నీడల నిలబెట్టింది. తల్లులు పిల్లల్ని ఎత్తుకొని వచ్చిండ్రు. ఆమె పిల్లల్ని తూకమేసుకుంట, సూదులేసుకుంట, వాళ్ల భాషల నాలుగు ముక్కలు మాట్లాడుకుంట పనిల పడ్డది. నేను ఒక మొద్దు మీద కూసున్న. కొంచెంసేపయినంక ఒక ముసలామె కర్ర పట్టుకొని వచ్చి, సైకిల్ పక్కన నేల మీద కూలబడ్డది. ఆమె నడుము బాగలేదని, గుట్ట దిగి శానా ఏండ్లయిందని తర్వాత తెలిసింది. కూసొని, ఎవరినీ అడగకుండ, పెడల్ పట్టుకొని తిప్పుడు మొదలువెట్టింది. స్టాండ్ మీద ఉన్న వెనక చక్రం బుర్రుమని తిరుగుతున్నది. హ్యాండిల్ కాడ ఒక పడుచామె చంకల పిల్లను పెట్టుకొని డబ్బాల నంబర్ చూసి చెప్తున్నది. ముసలామెకు చెయ్యి నొస్తే ఇంకొకామె కూసున్నది. ఆమె ఎనక ఇంకొకామె.

నేను నోరు తెరుసుకొని చూసిన.

"నర్సమ్మా, ఏడిదాక వచ్చిన?" అని ముసలామె తెలుగులనే కేకేసింది.

మా ఆమె సూది నించి తల ఎత్తకుండనే, "చండ్రుగొండ దాటినవ్ పెద్దమ్మా, ఇంకొంచెం తిప్పు," అన్నది. అందరు నవ్విండ్రు. ముసలామె మల్ల పెడల్ అందుకున్నది.

పని అయిపోయి మందుల డబ్బా సర్దుకుంటుంటే అడిగిన. "ఇది నాకెందుకు చెప్పలే?"

"ఏది?"

"వీళ్లు తిప్పుతున్నరని. దూరం ఎక్కువ వస్తున్నదని నేను అయస్కాంతం జరిపిన, బిల్ల మార్చిన, ఆదివారం వచ్చి తొవ్వ గూడ కొలిచిన."

"నువ్వు ఏడికి పోయినవ్ అని అడిగినవ్. ఎవరు తిప్పిండ్రు అని అడగలే గద." ఆమె నిజంగనే ఆశ్చర్యపోయింది. "అయినా నువ్వు దాన్ని గంతగనం చూస్తున్నవని నాకేం తెలుసు?"

"మరి నీ దూరం లెక్క కరాబయితలేదా?"

"నాకు దూరం ఎందుకు? ఈ తొవ్వ ఎంత దూరమో నా కాళ్లకు తెల్వదా?"

ఇగ నాకు ఓపిక లేకుండె. "మరి నీకు ఏం కావాలె? అన్ని దుకాణాలు తిరిగిన, నిఘంటువు తిరగేసిన. ఒక్కమాట చెప్పు. ఎందుకు అడిగినవ్ దాన్ని?"

ఆమె మొఖం ఎర్రబడ్డది. మా పెండ్లినాడు గూడ నేను గట్ల చూడలే. అటు ఇటు చూసి, ఎవరు వింటలేరని తెలిసినంక, గుట్ట దిగే రోడ్డు దిక్కు గదువ ఎత్తి చూపెట్టింది.

"ఆ దిగుడు లేదా... పొద్దు వాలంగ పని అయిపోయినంక నేను బ్రేకు పట్టకుండ దిగుత. గాలి చెవులల్ల బుస్సుమంటది. ఎంత స్పీడ్ వస్తున్ననో తెలుసుకుందామని. ఆ హైదరాబాద్ ఆమె తనది చూపెట్టింది, ఎన్నడో దిగిన స్పీడ్ డబ్బాల అట్లనే ఉన్నది. దీంట్ల అది రాదాయె. దిగేటప్పుడు చూద్దామంటే రాళ్లు, చూపు తొవ్వ మీదికెల్లి తిప్పరాదు."

నాకు నవ్వాల్నో భయపడాల్నో తెల్వలే. రోజూ సూదిమందుల డబ్బా కట్టుకొని పద్ధతిగ పోయొచ్చే మనిషి, బ్రేకు పట్టకుండ గుట్ట దిగుతున్నది. నాకు మాత్రం తెల్వది. ఇద్దరం ఒక్క పళ్లెంల తింటున్నం.

"నాకు చెప్తే ఆ రెండో డబ్బా తెచ్చేటోన్ని గద."

"చెప్తే ఎందుకట్ల దిగుతవ్ అని కోప్పడ్తవనుకున్న."

అది నిజమే. కోప్పడేటోన్ని.

కిరాయి సైకిల్‌ను గూడెంల ఉంచి, మందుల డబ్బా దించి, నేను ఆమె సైకిల్ క్యారేజీ మీద కూసున్న. ఆలోచన నాదే. ఆమె తొవ్వ చూడాలె, నేను ఆమె భుజం మీదికెల్లి వంగి నంబర్ చదవాలె. పడుచామె, ముసలామె, తల్లులు అందరు రోడ్డు కాడికి వచ్చిండ్రు.

"గట్టిగ పట్టుకో సారూ," అన్నది మా ఆమె. నన్ను సారూ అని అప్పుడప్పుడు వెక్కిరించేది.

సైకిల్ కదిలింది. పద్దెనిమిది అన్న. ఇరవై నాలుగు అన్న. మూల మలిగినంక క్యారేజీ కడ్డీని గట్టిగ పట్టుకున్న. ముప్పై అన్న. ముప్పై రెండు. చెట్లు అటొకటి ఇటొకటి ఉరికి వస్తున్నయి. క్యారేజీ కింద మట్టిగడ్డలు పటపటమంటున్నయి. ముప్పై నాలుగు దాక నాకు యాదున్నది. అటెంక ఏమొచ్చిందో నాకు తెల్వది, ఎందుకంటే నేను కండ్లు మూసుకొని ఆమె నడుము పట్టుకున్న.

కింద ఇసుకల సైకిల్ దానంతటదే నెమ్మదయింది. ఆమె ఒక కాలు కింద పెట్టి వెనక్కి తిరిగింది. జుట్టంత రేగి మొఖం మీద పడ్డది.

"ఎంత?"

"ముప్పై నాలుగు దాక చూసిన."

"ఆ తర్వాత?"

"కండ్లు మూసుకున్న."

ఆమె పక్కున నవ్వింది. ఇద్దరం సైకిల్ నెట్టుకుంట మల్ల గుట్ట ఎక్కినం. రెండోసారి నేను కండ్లు మూయలే. కింద దిగినంక నంబర్ చెప్పిన. ఆమె డబ్బా దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

"అయితే ఇది నా స్పీడ్ కాదు," అన్నది.

"ఎందుకు కాదు? నేను కండ్లార చూసిన."

"ఎనక నువ్వున్నవ్ గద. నీ బరువుకు ఎక్కువ వచ్చిందో తక్కువ వచ్చిందో ఎట్ల తెలుస్తది? ఇది ఇద్దరి స్పీడ్. నాది వేరే."

నేను ఇసుక మీద కూసొని దాని గురించి ఆలోచించిన. బరువుంటే దిగుడు మీద సైకిల్ ఎక్కువ ఉరుకుతదా, తక్కువ ఉరుకుతదా? మా స్కూల్ల లెక్కల సార్‌ను తర్వాత అడిగితే ఆయన ఒకటి చెప్పిండు, సైన్స్ సార్ ఇంకొకటి చెప్పిండు. ఇద్దరు స్టాఫ్‌రూంల ఒక పూటంత కొట్లాడిండ్రు. నేను మధ్యల లేచి వచ్చిన.

క్రిస్మస్‌కు ముందు హైదరాబాద్ పోయి, ఆ ముసలాయన దగ్గర రెండో డబ్బా తెచ్చిన. ఆయన నన్ను గుర్తుపట్టలే. ఏది కావాలె అంటే టక్కున చెప్పిన. అంత జల్దీ కొన్న వస్తువు నా జన్మల అదొక్కటే. మొదటి డబ్బాను గూడ తీసేయలే, రెండూ పక్కపక్కనే ఉన్నయి. ఒకటి ముసలామెకు, ఒకటి నాకు అన్నది మా ఆమె.

గుట్ట గూడెం డ్యూటీ ఉన్ననాడు సాయంత్రం నేను వాకిట్లనే కూసున్న. ఆమె వచ్చి సైకిల్ నిలబెట్టి, చెప్పులు ఇడిచి లోపలికి పోయింది. నేను లేచి పోయి మీట ఒత్తి చూడొచ్చు. చూడలే. ఆమె చెప్తదని ఉన్న.

కొంచెంసేపటికి నీళ్ల చెంబుతోని గడపకు వచ్చి, "నలభై దాటింది," అన్నది మెల్లగ.

"నలభై అంటే ఎక్కువేనా?" అని అడిగిన.

ఆమె నా దిక్కు అదో తీరుగ చూసింది. సైకిళ్లకు నలభై ఎక్కువో తక్కువో, దానికి సంబరపడాల్నో నెమ్మదిగ దిగుమని చెప్పాల్నో నాకు అప్పుడూ తెల్వలే, ఇప్పుడూ తెల్వది. ఆమె చెంబు గట్టు మీద పెట్టి, నా పక్కన కూసొని, ఆ దిగుడుల రెండో మూల కాడ సైకిల్ ఎట్ల వంచాలెనో రెండు చేతులతోని చూపెట్టుకుంట చెప్పుడు మొదలువెట్టింది. నేను విన్న.